మరమ్మతు పనిముట్లు సొంతంగా చేసుకోవడం ఎలా

మరమ్మతు మధ్యలో ఆగిపోయేది చాలాసార్లు లోపం తెలియక కాదు. లోపం తెలుస్తుంది, విప్పాల్సిన స్క్రూ కంటికి కనిపిస్తూనే ఉంటుంది, దాని దాకా చేరే స్క్రూడ్రైవర్ మాత్రం ఉండదు. లోతైన గుంతలో కూర్చున్న నట్టు, రెండు చిన్న రంధ్రాలు తప్ప పట్టు దొరకని మూత, వేలు దూరని సందులో తగిలించాల్సిన స్ప్రింగు... ఇలాంటి చోట్ల కొన్న పనిముట్టు సగం సగం సరిపోతుంది. సగం సరిపోయిన పనిముట్టే స్క్రూ తలను పాడుచేస్తుంది. అలాంటప్పుడు ఆ ఒక్క చోటికి సరిపోయేదాన్ని మీరే చేసుకోవచ్చు. అందుకు కొలిమి అక్కర్లేదు. వైసు, హ్యాక్సా, రెండు మూడు ఆకురాళ్లు, డ్రిల్లు, చిన్న బెంచి గ్రైండర్, సానరాయి ఉంటే ఈ వ్యాసంలోని పనులు దాదాపు అన్నీ అవుతాయి.

ఒక విషయం మొదటే మనసులో పెట్టుకోండి. ఏ పనిముట్టుకైనా మూడు భాగాలుంటాయి: కొన, ఒళ్లు, పిడి. కొన అరగకూడదు, ఒళ్లు విరగకూడదు, పిడి చేతిని బాధించకూడదు. ఇంట్లో చేసినవి చెడిపోయేది ఈ గుణాలు తారుమారైనప్పుడే. ఒళ్లంతా గట్టిగా ఉంటే పుటుక్కున విరుగుతుంది, కొన మెత్తగా ఉంటే మొదటి తిప్పుకే మెలిపడుతుంది.

ముందు పనిని పరిశీలించండి

ఇనుము వెతకడానికి ముందు, విప్పాల్సిన వస్తువును మంచి వెలుతురులో పెట్టుకుని ఈ నాలుగింటికీ జవాబు రాసుకోండి.

1. బలం ఏ రూపంలో పడుతుంది? తిప్పాలా, తొయ్యాలా, లాగాలా, కొట్టాలా?
2. కొన కూర్చునే చోటు కొలతలెంత? గాటు వెడల్పు, లోతు, రంధ్రాల మధ్య దూరం. కాలిపర్ లోపలికి వెళ్లకపోతే మెత్తని మైనాన్ని నొక్కి తీసి, ఆ అచ్చును కొలవండి.
3. పనిముట్టు ఎటు నుంచి లోపలికి వెళ్లాలి? చెయ్యి తిప్పడానికి ఎంత జాగా ఉంది?
4. కొన జారితే పక్కన ఏది దెబ్బతింటుంది?

నాలుగో ప్రశ్నను చాలామంది దాటేస్తారు. కానీ ఏ పదార్థంతో చేయాలో తేల్చేది అదే. పక్కన లిథియం బ్యాటరీ ఉంటే లోహపు కొన అసలు పనికిరాదు, వెదురో ప్లాస్టిక్కో కావాలి. మెరుగు పెట్టిన ఇత్తడి ఉంటే ఉక్కును ఆ దరిదాపులకు తీసుకుపోకండి.

ఆకారం మీద సందేహం ఉంటే మందపాటి అట్టతోనో మెత్తని తీగతోనో నమూనా చేసి లోపల తిప్పి చూడండి. అట్టను కత్తిరించి సరిచేయడం ఒక్క నిమిషం పని. ఉక్కు విషయంలో అలా కుదరదు.

ఏ పాత ఇనుము దేనికి పనికొస్తుంది

చేతికందిన ప్రతి ఇనుప ముక్కా కొన కాలేదు. మామూలు కడ్డీలు, మేకులు, కిటికీ ఊచల్లో కర్బనం చాలా తక్కువ, దాదాపు 0.25 శాతం లోపే. వాటిని ఎంత ఎర్రగా కాల్చి ముంచినా గట్టిపడవు. పట్టీలకు, పిడి కడ్డీలకు, వంచి చేసే కొక్కేలకు అవి చాలు. కొనకు మాత్రం గట్టిపడే ఉక్కు కావాలి. వాహనాల స్ప్రింగుల్లో కర్బనం సుమారు 0.6 శాతం ఉంటుంది. అది దెబ్బను తట్టుకుంటుంది కాబట్టి శానాలకు (సుత్తితో కొట్టి లోహం కోసే ఉలులకు), మీటడానికి వాడే కడ్డీలకు మంచిది. మంచి ఆకురాళ్లలో ఒక శాతం పైనే ఉంటుంది. పదును బాగా నిలుస్తుంది గానీ పెళుసు.

చేతిలో ఉన్నది ఏ ఉక్కో తెలియకపోతే గ్రైండర్ రవ్వలు చెబుతాయి. మామూలు ఇనుము పొడవైన, తిన్నని పసుపు గీతలను చిమ్ముతుంది, వాటి చివర్లలో చిట్లడం తక్కువ. కర్బనం ఎక్కువున్న ఉక్కు నుంచి రవ్వలు చక్రం దగ్గరి నుంచే పూలలా చిట్లుతాయి. డ్రిల్లు బిట్ల వంటి హైస్పీడ్ ఉక్కు రవ్వలు మసక ఎరుపులో, పలచగా వస్తాయి. పోల్చుకోవడానికి పక్కనే ఒక మేకు, ఒక పాత ఆకురాయి పెట్టుకుని మూడింటినీ వరసగా తాకించండి. కంటికి తేడా వెంటనే పడుతుంది.

ఆ ముక్క ఇప్పటికే గట్టిగా ఉందో లేదో తెలుసుకోవాలంటే మంచి ఆకురాయితో ఒక మూల గీకండి. ఆకురాయి కొరికితే మెత్తన, గాజు మీద జారినట్టు జారితే గట్టిది.

దాచిపెట్టుకోదగ్గవి మరికొన్ని: అరిగిన స్క్రూడ్రైవర్లు, ఆలెన్ కీలు, విరిగిన డ్రిల్లు బిట్లు, గొడుగు పుల్లలు, సైకిల్ పుల్లలు, పాత బేరింగుల చుట్లు, సైకిల్ ట్యూబు, తోలు బెల్టు. తళతళలాడే పూత ఉన్న ఇనుమును మాత్రం కాల్చకండి. జింకు, కాడ్మియం పూతల పొగ విషం.

గ్రైండర్ దగ్గర పాటించాల్సినవి

రక్షణ కళ్లద్దాలు లేకుండా గ్రైండర్ ముందుకు వెళ్లకండి. చేతి తొడుగులు వేసుకోవద్దు. తిరిగే చక్రం గుడ్డను పట్టిందంటే వేలిని కూడా లాగేస్తుంది. అల్యూమినియం, ఇత్తడి, రాగి లాంటి మెత్తని లోహాలను ఉక్కు పట్టే చక్రం మీద పెట్టకండి. అవి చక్రం రంధ్రాల్లో పూడుకుపోతాయి, చక్రం వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. వాటికి ఆకురాయే సరైనది.

పక్కన నీళ్ల డబ్బా ఉండాలి. ముక్కను వట్టి వేళ్లతో పట్టుకుని చక్రం మీద పట్టండి, అంటే అరగదీయండి. వేళ్లకు వేడి తగలగానే నీళ్లలో ముంచండి. కర్బనపు ఉక్కు కొన నీలంగా మారితే, అంటే సుమారు 300 డిగ్రీలకు చేరితే, ఆ చోట గట్టిదనం పోయినట్టే. నీలం రంగును గరుకు కాగితంతో తుడిచేస్తే కంటికి బాగానే కనిపిస్తుంది, ఉక్కు మాత్రం మెత్తగానే ఉంటుంది. ఆ మెత్తబడిన భాగం పోయేదాకా మళ్లీ పట్టడం తప్ప మార్గం లేదు. హైస్పీడ్ ఉక్కుకు ఈ బాధ తక్కువ, సుమారు 600 డిగ్రీల దాకా అది గట్టిదనాన్ని నిలుపుకుంటుంది.

మొదటి పని: స్క్రూడ్రైవర్ కొన సరిచేయడం

కొత్తవాళ్లు ఇక్కడే మొదలుపెట్టాలి. పది నిమిషాల పని, ఫలితం ఎప్పటికీ చేతిలో ఉంటుంది. చౌక స్క్రూడ్రైవర్ల కొన మేకులా, కింది వైపుకు సన్నబడుతూ ఉంటుంది. తిప్పినప్పుడు ఆ వాలే దాన్ని గాటులోంచి పైకి తోస్తుంది. మనం జారింది అనుకుంటాం, మరింత బలంగా నొక్కుతాం, గాటు అంచులు చితికిపోతాయి.

1. స్క్రూ గాటు మందం, పొడవు కొలవండి. కొన వెడల్పు స్క్రూ తల కన్నా వెంట్రుకవాసి తక్కువగా, మందం గాటులో బిగుతుగా కూర్చునేలా ఉండాలి.
2. కొన విశాలమైన ముఖాన్ని చక్రం అంచుకు ఆనించండి. చక్రం గుండ్రం వల్ల ముఖంలో కొద్దిగా లోపలికి వంపు వస్తుంది. ఆ వంపు చివర, కొన దగ్గరి రెండు మూడు మిల్లీమీటర్లు, రెండు ముఖాలూ సమాంతరంగా ఉండేలా చూసుకోండి. రెండు వైపులా సమానంగా పట్టాలి.
3. కొన చివరను కడ్డీకి లంబంగా, చదునుగా చేయండి. మూలలు పదునుగా ఉండాలి, గుండ్రం చేయకండి.
4. సానరాయి మీద ముఖాలను నాలుగైదు సార్లు రుద్ది గీతలు తీసేయండి.
5. గాటులో నిలబెట్టి చెయ్యి తీసేయండి. ఒరగకుండా నిలబడితే సరిపోయినట్టు.

ఇదే స్క్రూడ్రైవర్ కొన మధ్యలో సన్నని ఆకురాయితో గాటు కోస్తే, మధ్యలో బోల్టు పొడుచుకొచ్చి చుట్టూ చీలిక ఉన్న నట్లను విప్పే జంట కొన తయారవుతుంది. రంపపు పిడులకు, కొన్ని పాత యంత్రాలకు ఇలాంటి నట్లే ఉంటాయి. ఆకురాయి ఆ కొనను కొరకకపోతే గ్రైండర్ చక్రం మూలతో మెల్లగా కోయండి. నక్షత్రం కొన స్క్రూ తలలో అడుగుకు తగిలి పైపైన ఆడుతుంటే, ఆ ముక్కు చివరి సూదిభాగాన్ని అర మిల్లీమీటరు చదును చేసి చూడండి. చాలాసార్లు రెక్కలు లోపలికి దిగి పట్టు దొరుకుతుంది.

హ్యాక్సా బ్లేడుతో గీకుడు కత్తి

పాత గ్యాస్కెట్లు, జిగురు, తుప్పు గీకడానికి, రబ్బరు కోయడానికి ఇంతకన్నా మంచి వస్తువు దొరకదు. అయితే బ్లేడుల్లో రకాలున్నాయి. ఒళ్లంతా గట్టిగా ఉండే హైస్పీడ్ బ్లేడు వంచితే వంగదు, పగులుతుంది. కత్తికి పనికొచ్చేది అదే. రెండు లోహాల బ్లేడుకు పళ్లు మాత్రమే గట్టివి, వీపు మెత్తని స్ప్రింగు ఉక్కు. అది ఎంత వంచినా వంగుతుంది గానీ వీపు వైపు పదును నిలవదు. వంచి చూసేటప్పుడు బ్లేడును మందపాటి గుడ్డలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకోండి. గట్టి బ్లేడు ముక్కలు ఎగిరిపడతాయి. యంత్రపు రంపాలకు వాడే వెడల్పాటి, మందపాటి బ్లేడు ముక్క దొరికితే అదృష్టం.

కావలసిన పొడవు దగ్గర గ్రైండర్ మూలతో రెండు వైపులా గాడి పెట్టి, వైసులో బిగించి గుడ్డ కప్పి విరవండి. పళ్లను పూర్తిగా పట్టి తీసేయండి, లేకపోతే అవి ముందుగా మీ చేతినే కోస్తాయి. కత్తిగా వాడాలంటే అంచును 25 నుంచి 30 డిగ్రీల వాలుతో పట్టండి. గీకడానికైతే ఆ వాలు వద్దు. చివరను చదునుగా, 90 డిగ్రీలకు పట్టి సానరాయి మీద రుద్దితే రెండు మూలలూ గీకే అంచులవుతాయి. పిడికి సైకిల్ ట్యూబును సన్నని పట్టీగా కోసి, లాగుతూ ఒకదాని మీద ఒకటి ఎక్కేలా చుట్టండి. జిగురు అక్కర్లేదు, తడి చేతిలోనూ జారదు.

పాత ఆకురాయి: కాల్చకుండా, కాల్చి

పళ్లు అరిగిన ఆకురాయిని పారేయడం నాకు చేత కాదు. అందులో ఉన్నంత మంచి ఉక్కు మరమ్మతు బల్ల మీద వేరే ఏదీ ఉండదు. కానీ దాంతో చేసే తప్పులు కూడా ప్రమాదకరమైనవే. ఉన్నదాన్ని ఉన్నట్టు మీటడానికి వాడితే విరుగుతుంది, సుత్తితో కొడితే చిట్లి ముక్కలు కంటికి తగులుతాయి.

ముందుగా తేలిక దారి. గీకుడు ఉలి కావాలంటే ఆకురాయిని కాల్చనే వద్దు. అది ఇప్పటికే గట్టిగా ఉంది. నీళ్లలో ముంచుతూ చివరి మూడు నాలుగు సెంటీమీటర్ల పళ్లను రెండు వైపులా పట్టి తీసేయండి. చివరను చదును చేసి సానరాయి మీద రుద్దండి. బేరింగు గుంతల్లోని గరుకును, లోహపు ముఖాల మీది ఎత్తు పల్లాలను గీకడానికి ఇది చాలు. పళ్లు పూర్తిగా పోవాలి అనడం అందం కోసం కాదు. ఆ గాళ్ల అడుగు నుంచే పగుళ్లు మొదలవుతాయి.

దెబ్బ తినే శానమో, రంధ్రాలు వేయాల్సిన వస్తువో చేయాలంటే మాత్రం మెత్తబరచి, మలిచి, మళ్లీ గట్టిపరచాలి. ఈ పని ఆరుబయట, మండేవి ఏవీ లేని చోట చేయండి.

1. మెత్తబరచడం. ఆకురాయిని బొగ్గుల్లోనో గ్యాస్ టార్చితోనో నారింజ ఎరుపు వచ్చేదాకా కాల్చి, పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేయండి. ఎంత మెల్లగా చల్లారితే అంత మెత్తబడుతుంది. తెల్లారేసరికి హ్యాక్సా సులువుగా కోస్తుంది.

2. మలచడం. కోయండి, రంధ్రాలు వేయండి, ఆకారం తీసుకురండి. పదును అంచును మాత్రం ఇప్పుడే సన్నగా చేయకండి, ఒక మిల్లీమీటరు మందం ఉంచండి. సన్నని అంచు కాల్చినప్పుడు మాడిపోతుంది, ముంచినప్పుడు పగులుతుంది. మూలలన్నీ కాస్త గుండ్రం చేయండి.

3. గట్టిపరచడం. కొన వైపు మూడు సెంటీమీటర్లు కాల్చండి. ఎంత ఎరుపు చాలో చెప్పడానికి అయస్కాంతం మంచి సాక్షి. ఉక్కు సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అంటుకోవడం మానిన తర్వాత ఇంకొంచెం, ఒక ఛాయ ఎక్కువ కాల్చి, వెంటనే నూనెలో నిలువుగా ముంచండి. పైకీ కిందికీ కదపండి, పక్కలకు కదిపితే వంకర పోతుంది. నూనె లోతైన ఇనుప డబ్బాలో ఉండాలి, గోరువెచ్చగా ఉంటే ఇంకా మంచిది. దానికి సరిపోయే ఇనుప మూత చేతికందేలా పెట్టుకోండి. నూనె అంటుకుంటే మూత వేసి ఆర్పాలి, నీళ్లు పోయకూడదు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ వద్దు, ఆ పొగ మంచిది కాదు. వంటనూనె చక్కగా పనిచేస్తుంది.

4. పరీక్ష. చల్లారిన కొన మీద మంచి ఆకురాయి జారితే గట్టిపడింది. కొరికితే మళ్లీ కాల్చి ముంచాలి.

5. పెళుసు తగ్గించడం. ఈ దశలో కొన గాజులా ఉంటుంది, కింద పడినా విరగవచ్చు. అందుకే ఆలస్యం చేయకుండా గరుకు కాగితంతో తెల్లగా మెరిసేలా రుద్ది, కొనకు దూరంగా, వెనక వైపు నుంచి మెల్లగా వేడి చేయండి. ఉక్కు మీద రంగులు పాకుతూ ముందుకు వస్తాయి. లేత గడ్డి రంగు సుమారు 220 నుంచి 230 డిగ్రీలు, గోధుమ రంగు 250 నుంచి 260, ఊదా 270 నుంచి 280, నీలం 300 దగ్గర. గీకే వాటికి, గీతలు గీసే సూదులకు గడ్డి రంగు కొనకు చేరగానే నీళ్లలో ముంచి ఆపండి. శానాలకు, పోటు కడ్డీలకు గోధుమ దాటి ఊదా రావాలి. స్క్రూడ్రైవర్లకు నీలం.

రంగును పట్టుకోవడం మొదట్లో కష్టం. రంగులు నిమిషాల్లో కాదు, సెకన్లలో పరుగెత్తుతాయి. ఉష్ణోగ్రత పెట్టుకోగల ఓవెన్ ఉంటే కత్తులను, గీకుళ్లను 200 నుంచి 220 డిగ్రీల్లో గంట ఉంచండి. అది తడబాటు లేని పద్ధతి.

6. పదును. ఇప్పుడు తుది అంచు పట్టండి, నీళ్లు ముంచుతూ. లోహం కోసే శానానికి 60 డిగ్రీల దగ్గర వాలు ఉండాలి. సుత్తి తగిలే తల మాత్రం ఎప్పుడూ మెత్తగానే ఉండాలి, దాన్ని గట్టిపరచకండి. వాడగా వాడగా తల అంచులు పుట్టగొడుగులా విచ్చుకుంటే పట్టి సరిచేయండి. ఆ రేకులే ఎగిరి గుచ్చుకునేవి.

ఒక హెచ్చరిక: చౌక ఆకురాళ్లలో కొన్నింటికి పైపొర మాత్రమే గట్టిది, లోపల మామూలు ఇనుము. రవ్వల పరీక్షలో లోపలి భాగం చిట్లకపోతే దాని మీద సమయం వృథా చేయకండి.

సైకిల్ పుల్లతో కొక్కేలు, దబ్బనాలు

ఇది తేలిక పని. సైకిల్ పుల్ల సుమారు రెండు మిల్లీమీటర్ల మందం. స్టెయిన్‌లెస్ పుల్లను కాల్చి ముంచినా గట్టిపడదు, పైగా ఉన్న బిగువు కూడా పోతుంది. కాబట్టి చల్లగానే వంచండి. నోస్ ప్లయర్‌తో చివర చిన్న కొక్కెం వంచితే స్ప్రింగులు లాగి తగిలించే పనిముట్టు. చివరను సూదిగా పట్టి 90 డిగ్రీలు వంచితే రబ్బరు రింగులను గాళ్లలోంచి తీసే దబ్బనం. రబ్బరు రింగు కూర్చునే గాడికి గీత పడితే అక్కడి నుంచే కారుతుంది, కాబట్టి ఈ కొనను సానరాయి మీద కాస్త మొద్దు చేయండి. ఇత్తడి తీగతో చేస్తే ఇంకా నయం. పుల్ల మొదట్లో ఉన్న తలను, వంపును అలాగే ఉంచుకుంటే చిన్న లివర్లను లాగడానికి పనికొస్తుంది.

గొడుగు పుల్లలు ఇంతకన్నా సన్నం, బిగువు ఎక్కువ. సన్నని గొట్టాల్లో మురికి పొడవడానికి, కేబుల్ దారి వెతకడానికి వాడుకోండి.

స్పానర్లు: సన్నగా చేయడం, రెండు రంధ్రాల మూత తిప్పడం

సైకిల్ చక్రపు ఇరుసు దగ్గర కోన్ నట్టు ఎంత పలచగా ఉంటుందంటే మామూలు స్పానర్ పక్క నట్టును కూడా పట్టేస్తుంది. చౌక స్పానర్‌ను రెండు వైపులా పట్టి రెండున్నర మిల్లీమీటర్లకు సన్నబరిస్తే పని జరుగుతుంది. దవడల లోపలి ముఖాలను తాకకండి. సన్నబడిన స్పానర్‌కు బలం తగ్గుతుంది కాబట్టి దాన్ని సరిచూడడానికే వాడండి, తుప్పుపట్టిన నట్టును విప్పడానికి వద్దు.

రెండు రంధ్రాల మూతలకు ఐదు మిల్లీమీటర్ల మందమున్న ఇనుప పట్టీలు రెండు తీసుకోండి. ఒక చివర రెండింటినీ బోల్టుతో కలపండి, కత్తెరలా తెరుచుకోవాలి. రెండో చివర ఒక్కో రంధ్రం వేసి విరిగిన డ్రిల్లు బిట్టు కాడను బిగుతుగా దిగగొట్టండి, నాలుగు మిల్లీమీటర్లు బయటికి ఉంచండి. డ్రిల్లు కాడ ఎందుకంటే దాని వ్యాసం కచ్చితంగా ఉంటుంది. మూత రంధ్రం మూడు మిల్లీమీటర్లయితే మూడు మిల్లీమీటర్ల బిట్టు వెతుక్కోవడమే. దూరం సరిచేసి బోల్టు బిగిస్తే రెండు మూడు రకాల మూతలకు ఒకే పనిముట్టు.

గుండ్రని ఫిల్టర్లు, మూతలు తిప్పడానికి పాత తోలు బెల్టును లూపుగా వేసి, చివరలను నలుపలక కడ్డీకి రెండు చుట్లు చుట్టి తిప్పండి. తిప్పిన కొద్దీ బిగుస్తుంది.

మరకడ్డీ ప్రెస్సు

ఇక్కడ చెప్పినవాటిలో ఒక్కటే చేసుకుంటానంటే ఇదే చేసుకోండి. బేరింగులు, బుష్షులు సుత్తితో కొట్టి ఎక్కించడం ఎంత అలవాటైనా తప్పే. వంకరగా దిగిన బేరింగు తన గూటినే గీసేస్తుంది. పొడవునా మరలున్న 8 లేదా 10 మిల్లీమీటర్ల కడ్డీ, రెండు నట్లు, మందపాటి వాషర్లు, రకరకాల వ్యాసాల గొట్టపు ముక్కలు ఉంటే చాలు. కడ్డీ 8.8 గుర్తు (బలాన్ని తెలిపే తరగతి) ఉన్నదైతే మంచిది, మామూలు మెత్తని కడ్డీ మరలు త్వరగా లేచిపోతాయి. మరలకు గ్రీజు తప్పనిసరి.

ఎక్కించేటప్పుడు: గూటికి వెనక వైపున వెడల్పాటి పట్టీ ఆనించండి. ముందు వైపున బేరింగును పెట్టి, దాని బయటి చుట్టుకు మాత్రమే ఆనే వాషరును ఉంచండి. ఆ వాషరు గూటి రంధ్రం కన్నా కాస్త చిన్నదిగా ఉండాలి, లేకపోతే చివర్లో అంచుకు తట్టుకుంటుంది. పాత బేరింగు బయటి చుట్టు కాస్త పట్టి చిన్నది చేస్తే సరిగ్గా ఆ పనికి సరిపోతుంది. కడ్డీ దూర్చి, నట్టును పావు పావు తిప్పుతూ బిగించండి. ప్రతిసారీ చుట్టూ చూడండి, ఒక వైపు వెనకబడితే వెంటనే ఆపి వదులు చేయండి.

గూటిలోకి ఎక్కించేటప్పుడు బలం బయటి చుట్టు మీద, ఇరుసు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి చుట్టు మీద పడాలి. ఇది తప్పితే బలం గుండ్ల మీదుగా పోతుంది, చుట్లలో గుంతలు పడతాయి. కొత్త బేరింగు మొదటి రోజు నుంచే గరగరలాడితే కారణం చాలావరకు ఇదే.

తీసేటప్పుడు: బేరింగు బయటికి వచ్చే వైపున, దాని వ్యాసం కన్నా పెద్ద గొట్టపు ముక్కను పెట్టండి. బేరింగు అందులోకి వచ్చి పడుతుంది. గూడు అల్యూమినియంది అయితే 100 డిగ్రీల దాకా వేడి చేస్తే పని సులువవుతుంది. అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, పట్టు వదులవుతుంది. పక్కన రబ్బరు సీళ్లు ఉంటే వేడికి ముందే తీసేయండి.

ఎలక్ట్రానిక్ మరమ్మతుకు కొన్ని

ఫోను, రిమోటు కవర్లు తెరవడానికి పాత ప్లాస్టిక్ కార్డును వాలుగా కోసి, అంచును గరుకు కాగితం మీద పలచగా రుద్దండి. ఇంకాస్త బలం కావాలంటే వెదురు బద్ద. వెదురు పీచు వెంబడి చీలుతుంది కాబట్టి పీచు పొడవునా ఉండేలా కోయండి.

వింత ఆకారపు తల ఉన్న చిన్న స్క్రూ లోతుగా ఉందా? రాయని పెన్ను గొట్టం చివరను మంటకు దూరంగా పట్టి మెత్తబడనివ్వండి, మండనివ్వకండి. స్క్రూ తల మీద నిటారుగా నొక్కి, పూర్తిగా చల్లారాకే తిప్పండి. ప్లాస్టిక్ ఆ ఆకారాన్ని పట్టుకుంటుంది. గట్టిగా బిగించిన స్క్రూలకు ఈ కిటుకు పనిచేయదు.

సోల్డరింగ్ ఐరన్ కొన లావుగా ఉంటే, శుభ్రం చేసిన కొన చుట్టూ ఒంటి రాగి తీగను బిగువుగా చుట్టి, చివరను ముందుకు సూదిలా వదలండి. వేడెక్కగానే ఆ సూదికి టంకం పూయండి. రాగి కరిగే టంకంలోకి మెల్లగా కలిసిపోతుంది, అందుకే ఇలాంటి కొన కొద్ది రోజులే. తీగ మార్చుకుంటూ ఉండండి.

పాత కోయాక్సియల్ కేబుల్ లోపలి అల్లిక రాగిదైతే, దాన్ని రోజిన్ (టంకం వేయడానికి వాడే చెట్టు జిగురు) కరిగించిన ఆల్కహాలులో ముంచి ఆరబెట్టండి. టంకాన్ని పీల్చే పట్టీ సిద్ధం. చౌక కేబుళ్లలో అల్లిక అల్యూమినియంది, దానికి టంకం అంటదు. కొనను గీకి చూస్తే తెల్లగానే ఉందా, లోపల ఎర్రగా ఉందా అన్నది తేలిపోతుంది.

పిడి

ఆకురాయికైనా దబ్బనానికైనా పిడి లేకుండా వాడకండి. తోక (పిడిలోకి దూరే సన్నని చివర) అరచేతిలో దిగే ప్రమాదాన్ని తక్కువగా అంచనా వేస్తారు. గట్టి చెక్క ముక్కలో తోక కన్నా సన్నని రంధ్రం వేయండి. చెక్క చీలకుండా చివర పొన్ను, అంటే లోహపు కట్టు, తొడగాలి. రాగి గొట్టం ముక్క ఉంటే దాన్ని బిగుతుగా దిగగొట్టండి. అది లేకపోతే చెక్క చుట్టూ సన్నని గాడి పెట్టి తీగను పక్కపక్కనే బిగించి చుట్టండి. తోకను రంధ్రంలో పెట్టి పిడి వెనక భాగాన్ని బల్ల మీద పొడిస్తే తనంతట తానే దిగుతుంది. ఆకురాయి మీద సుత్తితో కొట్టకండి. సన్నని కొనలకు ఎపాక్సీ వేస్తే చాలు. పిడి లావు పనిని బట్టి ఉండాలి: తిప్పే వాటికి లావుగా, మీద చిన్న గాళ్లతో, పొడిచే వాటికి వెనక గుండ్రంగా, సున్నితంగా గీకే వాటికి పెన్సిలు లావు.

చేయకూడనివి

కరెంటు ఉన్న తీగల మీద పనిచేసే పనిముట్టు సొంతంగా చేయకండి. సైకిల్ ట్యూబు, టేపు, వేడికి బిగిసే గొట్టం తొడిగినంత మాత్రాన అది ఇన్సులేషన్ కాదు. ఐఈసీ 60900 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించి, రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టుల ముద్ర వేసినవే అందుకు వాడండి. వాహనం కిందికి దూరేటప్పుడు ఆనించే ఊతలు, బరువులెత్తే కొక్కేలు, బిగువులో ఉన్న పెద్ద స్ప్రింగులను నొక్కిపట్టే క్లాంపులు కూడా ఇంతే. ఇవి విరిగితే పాడయ్యేది పనిముట్టు కాదు, మనిషి. మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్‌తో వెల్డింగ్ యంత్రం చేసే ఆలోచన ఉంటే మానుకోండి. దాని వోల్టేజీ ప్రాణం తీస్తుంది.

దాచుకోవడం

ఒక్క పని కోసం చేసిన పనిముట్టు దేనికోసమో ఆరు నెలల తర్వాత గుర్తుండదు. పిడి మీద చెరగని సిరాతోనో సూదితోనో ఆ పని పేరు, కొలత రాయండి: "పంపు మూత, 3 మి.మీ., 28 దూరం" అన్నట్టు. కాల్చి చేసినవైతే ఏ రంగు దగ్గర ఆపారో కూడా రాసుకోండి. కొన చిట్లినా, మెలిపడినా తర్వాతిసారి ఎటు సరిచేయాలో తెలుస్తుంది: చిట్లితే ఇంకొంచెం ముదురు రంగు, మెలిపడితే ఇంకొంచెం లేతరంగు. కర్బనపు ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి పని అయ్యాక నూనె గుడ్డతో తుడవండి. సూది కొనలకు బెండు ముక్కో, ప్లాస్టిక్ గొట్టం ముక్కో తొడిగి పెట్టెలో వేయండి.